బున్‌రే అడిగిన కడుపునొప్పి

సముద్రపు ఒడ్డునున్న సొల్‌మే ఊళ్లో బున్‌రే ప్రార్థన చేస్తే ఆకాశం లేచి నిలబడి వింటుందని పేరు. ఒక ఏడాది క్యాబేజీ తోటలు ఎండిపోతుంటే ఊరంతా చర్చిలో మూడు రోజులు మొత్తుకున్నా చుక్క రాలలేదు. నాలుగో రోజు బున్‌రే జలుబు తగ్గి వచ్చి మోకరించింది. ఆమె నోట ‘ఆమేన్’ రాకముందే గొడుగు తెచ్చుకోనివాళ్లంతా నిలువునా తడిసిపోయారు. పక్క ఊరి గట్టు దాటి మాత్రం ఒక్క చినుకు పడలేదు. వాళ్ల పేరు చెప్పడం ఆమె మరిచిపోయిందట. పాస్టరు పాంగ్‌గారి వ్యాను మూడేళ్లుగా ఇంజను వల్ల కాక బున్‌రే ప్రార్థన వల్లే నడుస్తోందని, దాన్ని విప్పి చూసిన మెకానిక్కే చర్చిలో సాక్ష్యం చెప్పాడు.

ఇందులో సగం అబద్ధం. ఏ సగమో సొల్‌మేలో ఎవరూ చెప్పరు.

బున్‌రేకు అరవై ఎనిమిదేళ్లు. యాభై ఏళ్లుగా ఆటుకు సముద్రం వెనక్కి తగ్గినప్పుడల్లా తేలే బురదలోకి దిగుతోంది. జారుడు చెక్కపలక మీద ఒక మోకాలు ఆన్చి, రెండో కాలితో బురదను తన్నుకుంటూ, నక్జిల బొరియలు ఎక్కడున్నాయో ముక్కుతో వాసన పట్టినట్టు వెళ్లిపోతుంది. నక్జి అంటే ఎనిమిది కాళ్ల సన్న ఆక్టోపస్. పడిపోయిన ఎద్దు నోట్లో రెండు నక్జిలు కుక్కితే అది లేచి నాగలి వెతుక్కుంటుందని ఆ తీరమంతా నమ్ముతారు. యాభై ఏళ్ల సముద్రపు గాలికి ఆమె ఎడమ చెవి పూర్తిగా మూసుకుపోయింది. చర్చిలో ఆమెది క్వొన్సా హోదా, అంటే ప్రార్థనకు ముందుండే పెద్దావిడ. ఆ హోదా ఇవ్వకముందు కూడా ఆమే ముందుండేది, కాకపోతే అప్పుడు కుర్చీ వెనకది.

కష్టమంతా కొత్త సంవత్సరం చీటీతో మొదలైంది.

జనవరి ఒకటో తేదీ పొద్దున ఆరాధన అయ్యాక ప్రతి ఒక్కరూ వరసగా వచ్చి బుట్టలోంచి ఒక చీటీ తియ్యాలి. అందులో ఉన్న బైబిలు మాట ఆ ఏడాదికి దేవుడు ఆ మనిషికి పంపిన మాట. దాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించుకుంటారు. మంచి మాట వస్తే బంధువులందరికీ ఫోటో తీసి పంపుతారు. దీర్ఘశాంతం గురించో, నాలుక అదుపు గురించో వస్తే చీటీ మడిచి జేబులో వేసుకుని, ఇంటికెళ్లాక మొగుడిదని చెబుతారు.

బున్‌రే చీటీ తీసి కళ్లద్దాలు సవరించుకుంది. రాజుల కోసం, అధికారంలో ఉన్నవాళ్లందరి కోసం ప్రార్థించమని ఉంది.

ఆమె నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది.

సియోల్‌లో కూర్చునే పెద్దాయన కోసమైతే ఆమెకు ఇబ్బంది లేదు. ఆయనకు ఓటు వెయ్యలేదు, వేసేదీ లేదు. అయినా దూరపు మనిషి. దూరంగా ఉన్నవాళ్ల కోసం ప్రార్థించడం తేలిక. కానీ చీటీలో ‘అందరి కోసం’ అని ఉంది. ఆ అందరిలో జిల్లా అధ్యక్షుడు గ్యుతే ఉన్నాడు. సొల్‌మే బురదనేలకు అడ్డంగా కట్ట కట్టించి, మట్టి పోయించి, దాని మీద పచ్చగడ్డి పరిపించి, డబ్బున్నవాళ్లు కర్రలతో బంతిని కొట్టుకునే మైదానం చేస్తానని ఓట్లడిగి గెలిచినవాడు అతనే. కట్ట వద్దని తలకు ఎర్రగుడ్డ కట్టుకుని జిల్లా కార్యాలయం ముందు కూర్చునే పదకొండు మంది ఆడవాళ్లలో ముందు వరస బున్‌రేది.

ఇంకో ముడి ఉంది. గ్యుతేను కన్న తల్లి జొమ్‌సున్ అదే చర్చిలో, అదే బెంచీలో, బున్‌రే కుడి పక్కన కూర్చుంటుంది. నలభై ఏళ్లుగా ఇద్దరూ పక్కపక్కనే పలకలు తోసుకుంటూ బురదలోకి వెళ్తున్నారు. బురదలో ఉన్నంతసేపు కట్ట మాట ఎత్తకూడదని ఎవరూ చెప్పుకోలేదు, కానీ ఎత్తరు.

జొమ్‌సున్ ఆమె భుజం మీంచి చీటీ చదివేసింది.

“ఒసే, అది నాది. నా కొడుకు మాట నీ చేతికెలా వచ్చింది? ఇటివ్వు.”

“తీసుకో అక్కా, పుణ్యముంటుంది. నీకేమొచ్చింది?”

“రాకపోకల్లో ఆయన కాపాడతాడంట. ఈ వయసులో నాకు రాకపోకలేంటే, బస్సుకు తప్ప.”

ఇద్దరూ చీటీలు మార్చుకోబోతుంటే పాస్టరు పాంగ్‌గారు వచ్చి, తీసిన చేతిదే చీటీ అన్నారు. ఆయన మెత్తని మనిషి. ఆయన సంఘంలో సగం మంది కట్ట కావాలంటారు, సగం మంది వద్దంటారు. అందుకని ఆయన రెండేళ్లుగా ప్రసంగాల్లో సముద్రం ఉన్న కథలే ఎత్తడం లేదు.

జొమ్‌సున్ ముఖం అంతలోనే వెలిగింది. “పోనీలే. నీ నోటితో అడిగితే ఇంకా మంచిది. మా వాడు ఏడాది తిరిగేసరికి పార్లమెంటుకు పోతాడు.”

ఆ మాటతో బున్‌రేకు చలికాలంలో చెమట పట్టింది. ఎందుకంటే జొమ్‌సున్ చెప్పింది నిజం. తన ప్రార్థన పనిచేస్తుందని ఊరంతా సరదాగా నమ్మితే, ఆమె భయంగా నమ్మేది.

మర్నాడు తెల్లవారుజాము ఐదు గంటల ప్రార్థనకు వెళ్లి మోకరించింది. “ప్రభువా, గ్యుతేకు ఆరోగ్యం ఇవ్వు” అని మొదలుపెట్టి నాలుక కరుచుకుంది. ఆరోగ్యంగా ఉంటే నాలుగు నెలల్లో కట్టేది రెండు నెలల్లో కట్టేస్తాడు. “జ్ఞానం ఇవ్వు” అంది. జ్ఞానం వస్తే కోర్టులో వీళ్లు వేసిన కేసులో సందు కనిపెడతాడు. “మంచి స్నేహితుల్ని ఇవ్వు” అంటే మైదానం కంపెనీవాళ్లు గుర్తొచ్చారు. ఆఖరికి ఏమీ తోచక, “ప్రభువా, గ్యుతే” అని పేరు మాత్రం చెప్పి, చేదుమందు మింగినట్టు గుటక వేసి లేచింది. పాత కూరగాయలు వండేటప్పుడు ఎక్కడ కొయ్యాలో తెలుస్తుంది. మనిషి కోసం ప్రార్థన చేసేటప్పుడు ఎక్కడ కొయ్యాలో ఆమెకు తెలియలేదు.

వారం చూసి పాస్టరుగారి ఇంటికి వెళ్లింది.

“దేవుడి చిత్తం జరగాలని అడగండి క్వొన్సాగారూ” అన్నారు ఆయన బార్లీ నీళ్లు పోస్తూ.

“సరేనండీ. దేవుడి చిత్తం ఏంటి? పూడ్చడమా, పూడ్చకపోవడమా?”

ఆయన తన గ్లాసు వైపు చూశారు. అందులోనూ రాసి లేదు.

“అది తెలిస్తే చెబుతాను” అన్నారు. “మీకు ముందు తెలిస్తే మీరు చెప్పండి.”

అలా జనవరి, ఫిబ్రవరి, మార్చి గడిచాయి. రోజూ పేరు చెప్పడం, గుటక వెయ్యడం. ఏప్రిల్ మొదట్లో కబురొచ్చింది. గురువారం నాడు జిల్లా కార్యాలయంలో గ్యుతే కంపెనీతో ఒప్పందం మీద సంతకం పెడతాడు. నెలాఖరులోపు సంతకం కాకపోతే కంపెనీ ఇంకో జిల్లా చూసుకుంటుందట.

మంగళవారం తెల్లవారుజామున చర్చిలో ముప్పై మంది ఉన్నారు. అందరూ కలిసి మూడుసార్లు ‘ప్రభువా’ అని పైకప్పు అదిరేలా పిలిచి, ఆ తర్వాత ఎవరి మొర వాళ్లు గట్టిగా, ఒకేసారి చెప్పుకోవడం అక్కడి పద్ధతి. ముప్పై గొంతులు కలిసిపోతే ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఆ హోరులో కోడలి మీద చాడీలు చెప్పుకునేవాళ్లుంటారు, పందెం గెలిపించమనేవాళ్లుంటారు. పాస్టరుగారు బల్ల మీది చిన్న గంటను ఠంగుమని నొక్కగానే అందరూ కత్తితో కోసినట్టు ఆపేస్తారు.

ఆ రోజు ఆయన గంట బల్లకు ఎడమ వైపున ఉంది. బల్ల తుడిచినావిడ అటు పెట్టింది. అది బున్‌రే చెడ్డ చెవి వైపు.

గంట మోగింది. ఇరవై తొమ్మిది నోళ్లు మూతపడ్డాయి. ఆ నిశ్శబ్దంలో బున్‌రే గొంతు ఒక్కటే బురదలో పలక పోయినట్టు సాఫీగా సాగిపోయింది.

“...పెద్ద జబ్బు అడగట్లేదు తండ్రీ. నాకు వాడి మీద పగ లేదు, వాడు చిన్నప్పుడు నా దొడ్లో రేగుపళ్లు దొంగిలించినా ఏమీ అనలేదు. ఒక్క కడుపునొప్పి ఇవ్వు చాలు. గురువారం పొద్దున మొదలై, కుర్చీలో కూర్చోలేనంత. కలం పట్టుకుంటే మెలిపెట్టాలి. శుక్రవారానికి తగ్గిపోయినా ఫర్వాలేదు, శనివారమైతే ఇంకా మంచిది...”

కుడి పక్కన ఎవరో మోచేత్తో పొడిచారు. బున్‌రే కళ్లు తెరిచింది. ఇరవై తొమ్మిది మందీ ఆమెనే చూస్తున్నారు. పొడిచింది జొమ్‌సున్. ఆమె ముఖంలో కోపం లేదు, ఏమీ లేదు. బెంచీ కింద ఉన్న చెప్పులు కాళ్లతో వెతుక్కుని, వేసుకుని, ప్రార్థన ముగియకుండానే వెళ్లిపోయింది.

సిగ్గుతో బున్‌రేకు తల తీసి మొలేసినట్టయింది. పోనీ అంతటితో అయిపోతే బాగుండేది.

బుధవారం మధ్యాహ్నం గ్యుతే ఒక వంతెన ప్రారంభిస్తూ, రిబ్బను కత్తిరించబోయి, కత్తెరతో సహా నేల మీద కూర్చుండిపోయాడు. రెండు రోజులుగా కడుపులో సన్నగా నొప్పి ఉంటే గ్యాసనుకుని సోడా తాగుతున్నాడట. పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లి కోస్తే లోపల అపెండిక్స్ పగిలి ఉంది. గురువారం సంతకం ఆగిపోయింది. మీరు పెట్టండని కంపెనీవాళ్లు ఉపాధ్యక్షుడి చేతిలో కలం పెడితే, ఆయన చెయ్యి తన పొట్ట మీదికి పోయిందట. అధ్యక్షుడుగారు వచ్చాకే చూద్దాం అన్నాడట.

సొల్‌మే గట్టు మీద మనిషికో రకంగా మాట్లాడారు. కట్ట వద్దన్నవాళ్లు బున్‌రే గుమ్మం ముందు ఎండుచేపల కట్టలు పెట్టిపోయారు. కట్ట కావాలన్నవాళ్లు ఆమె ఎదురొస్తే పొట్ట మీద చేతులు పెట్టుకుని పక్కకు తప్పుకున్నారు. నత్తగుల్లలు ఏరే చొన్ బావ మాత్రం రెండు వైపులా చేరకుండా ఆమె పెరట్లోకి వచ్చి నిలబడ్డాడు.

“వదినా, మా బామ్మర్దికి కూడా ఒకటి తగిలించకూడదా? పెద్దది వద్దు. పంటినొప్పి చాలు. నా మోటారు ఇవ్వట్లేదు.”

“పో బావా, లేకపోతే నీకు తగిలిస్తా” అంది బున్‌రే.

చొన్ బావ నిజంగానే పరిగెత్తాడు. ఆ పరుగు చూసి ఆమెకు నవ్వు రాలేదు.

తను చేసిందా, తను అడక్కముందే మొదలైందా? నొప్పి సోమవారమే మొదలైందంటున్నారు. తను అడిగింది మంగళవారం. తను అడగబోతున్నానని తెలిసి ముందే ఇచ్చాడా? అలా ఇచ్చే దేవుడైతే, వద్దని ఆపే తెలివి కూడా ఆయనకుండాలి కదా? పైగా తను అడిగింది శనివారం దాకానే. శనివారం పోయింది, ఆదివారం పోయింది, తర్వాతి ఆదివారమూ పోయింది. గ్యుతేకు లోపల చీము పట్టి జ్వరం దిగడం లేదు. జావ తాగొచ్చని డాక్టర్లు చెప్పినా గొంతు దిగడం లేదు. గడువు చెప్పి మరీ అడిగిన ప్రార్థనకు గడువు దాటిపోతే ఎవరిని అడగాలో బున్‌రేకు తెలియలేదు. పాస్టరుగారిని అడిగితే ఆయన, “ఇది నేను చదువుకున్నదాంట్లో లేదు” అన్నారు.

ఏప్రిల్ ఇరవై మూడున జొమ్‌సున్ వచ్చింది. ఆసుపత్రి నుంచి తిన్నగా బస్సు దిగి వచ్చినట్టుంది, చేతిలో ఖాళీ ఫ్లాస్కు ఉంది. అరుగు మీద కూర్చుంది. పదహారు రోజుల తర్వాత ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం అదే.

“తిట్టు అక్కా” అంది బున్‌రే. “తిట్టి పో.”

“తిట్టే ఓపిక లేదే. నువ్వు వేసిన ముడి నువ్వే విప్పు.”

“నేను వేశానో లేదో నాకే తెలీదు.”

“నాకూ తెలీదు. వేసినట్టే అనుకుని విప్పు. వేసింది నువ్వు కాకపోతే నష్టమేముంది?”

బున్‌రే అక్కడే, అరుగు మీదే మోకరించింది. జొమ్‌సున్ పక్కన చేతులు జోడించింది.

“ప్రభువా, గ్యుతేను బాగుచెయ్యి” అంది బున్‌రే. అని ఆగింది. ఆమె లెక్కవేస్తోంది. ఇవాళ ఇరవై మూడు. ఇంకో వారం మంచంలో ఉంటే చాలు. కంపెనీ వెళ్లిపోతుంది, బురద బురదలా ఉంటుంది, నక్జిలు వాటి బొరియల్లో ఉంటాయి. ఎవరూ చావక్కర్లేదు. నోరు దానంతటదే తెరుచుకుంది. “...మరీ తొందరేం లేదు తండ్రీ. ఒక మే ఒకటో తేదీ పొద్దుటికి...”

జొమ్‌సున్ చేతులు విడదీసింది.

“ఏమేయ్, నా కొడుకు ప్రాణానికి నెలాఖరు పెడుతున్నావా?”

బున్‌రే నేల చూసింది.

“అబద్ధం రావట్లేదక్కా. బాగుచెయ్యమని నోటితో అంటున్నా, కడుపులోంచి వద్దని వస్తోంది. నేను అడిగితే ఆయన రెండోదే వింటాడు. ఆయన ఎప్పుడూ నా నోరు వినలేదు.”

జొమ్‌సున్ ఫ్లాస్కు అక్కడే వదిలేసి లేచింది. “నాకు నీ బురద మీద ప్రేమ లేదనుకుంటున్నావు కదూ” అని మాత్రం అని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున ఆటుకు నీళ్లు తగ్గగానే బున్‌రే పలక తీసుకుని బురదలోకి దిగింది. ప్రార్థించడం చేతకానప్పుడు చెయ్యగలిగింది అదొక్కటే. ఒక మోకాలు పలక మీద, ఒక కాలు బురదలో. సగం మోకరించినట్టు, సగం పారిపోతున్నట్టు అరమైలు వెళ్లింది. కట్ట కోసం పాతిన ఎర్రజెండాలు దాటి, పెద్ద కాలువ ఒడ్డున బొరియలు వెతికింది. భుజం దాకా చెయ్యి దూర్చి లాగితే ఒక్కొక్క నక్జి మోచెయ్యి దాకా చుట్టుకుని వచ్చింది. అంత బలిసిన నక్జిలు తన జన్మలో చూడలేదని తర్వాత చెప్పింది. ఒకటి ఆమె చేతిని విడవక, బురద దాటేదాకా ఆమెనే లాక్కెళ్లిందని కూడా చెప్పింది గానీ, అది నమ్మినా నమ్మకపోయినా మీ ఇష్టం. ఐదు పట్టింది. బియ్యం నువ్వులనూనెలో వేయించి, నక్జిలు సన్నగా తరిగి జావ కాచి, జొమ్‌సున్ వదిలేసిన ఫ్లాస్కులో పోసుకుని పట్నం బస్సెక్కింది.

గ్యుతే తెల్లటి దుప్పటిలో పసుపురంగులో ఉన్నాడు. ముక్కుకు గొట్టం లేదు గానీ చేతికి రెండున్నాయి. జొమ్‌సున్ కుర్చీలో నిద్రపోతోంది.

“పిన్నీ” అన్నాడు అతను. గొంతు కాగితంలా ఉంది. “మిగతా పని పూర్తి చెయ్యడానికొచ్చావా?”

“నోరు ముయ్యి. జావ తెచ్చా.”

“విషమేం కలపలేదుగా?”

“కలపాలంటే అంత దూరం బస్సులో ఎందుకొస్తా, ఇంట్లోంచే అడిగేదాన్ని.”

అతను నవ్వబోయి కుట్లు పట్టుకున్నాడు. ఆమె మూత తిప్పింది. వాసన గది నిండా పాకింది. అతని ముక్కు పుటాలు కదిలాయి.

“నక్జి ఎక్కడిది?”

“నువ్వు పూడ్చబోయే బురదది. నీ ఎర్రజెండాలకు అవతలిది.”

అతను దిండు మీద కొంచెం పైకి జరిగాడు.

“పిన్నీ, నీకు అబద్ధం చెప్పను. నేను లేస్తే సంతకం పెడతా. మన బడిలో ఎంతమంది పిల్లలున్నారో తెలుసా? నలుగురు. వచ్చే ఏడు మూసేస్తారు. నక్జిలుంటాయి సరే, పట్టేవాళ్లేరి? మీ పదకొండు మందిలో అందరికంటే చిన్నామెకు అరవై రెండు. మైదానం వస్తే కనీసం వంటవాళ్లు, డ్రైవర్లు, వాళ్ల పిల్లలు వస్తారు. నాకు మీ మీద కోపం ఉండి చెయ్యట్లేదు.”

బున్‌రేకు ఇది కొత్తగా అనిపించింది. అతను కంపెనీ డబ్బు తిన్నాడని ఆమె మూడేళ్లుగా నమ్మింది, ఎర్రగుడ్డ కట్టుకుని అరిచింది కూడా. ఇప్పుడు ఈ పసుపు ముఖం అబద్ధమాడుతున్నట్టు లేదు. నలుగురు పిల్లల మాట నిజం. అయినా బురద పోతే సముద్రం ఎక్కడికెళ్లాలి? అదీ నిజమే. రెండు నిజాలు ఒకే బొరియలో దూరిన రెండు నక్జిల్లా ఒకదాని కాళ్లు ఒకటి చుట్టుకుపోయాయి.

“నువ్వు తప్పు చేస్తున్నావురా” అంది.

“కావచ్చు.”

“నా చెయ్యి పట్టుకో.”

“ఏమడుగుతావు?”

“నాకేం తెలుసు. నోరు తెరిస్తే తెలుస్తుంది.”

ఆమె ఆ వేడి చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుంది. చాలాసేపు పేరు తప్ప ఏమీ రాలేదు. మూడు నెలలుగా చేదుమందులా మింగిన పేరే. ఈసారి గుటక పడలేదు.

“తండ్రీ, గ్యుతే. వీడు లేవాలి. లేస్తే సంతకం పెడతానంటున్నాడు. పెట్టకూడదు. కానీ లేవాలి. గడువు లేదు. ఇవాళైనా సరే.”

ఆమేన్ అన్నది జొమ్‌సున్. ఆమె ఎప్పటి నుంచి మేలుకుని ఉందో ఎవరికీ తెలియదు.

అతను మూడు గిన్నెలు తాగాడు. నాలుగో గిన్నెకు నర్సు ఫ్లాస్కు లాక్కుంది. ఆ సాయంత్రానికి జ్వరం దిగిందని సొల్‌మేలో చెబుతారు. ఆసుపత్రి కాగితంలో రెండు రోజుల తర్వాత దిగినట్టుంది, కానీ కాగితం రాసినవాళ్లు సొల్‌మే వాళ్లు కాదు.

ఏప్రిల్ ముప్పయ్యో తేదీ పదకొండు గంటలకు గ్యుతే కర్ర పట్టుకుని జిల్లా కార్యాలయం మెట్లెక్కాడు. పదకొండు మంది ఆడవాళ్లు ఎర్రగుడ్డలతో మెట్ల పక్కన ఉన్నారు. అతను ముందు వరస దగ్గర ఆగి తల వంచి నమస్కరించాడు. బున్‌రే గొంతు చించుకుని “కట్ట వద్దు” అని అరిచింది. అరిచి, “మెట్టు చూసుకో, జారుతుంది” అంది. పక్కనున్నావిడ ఆమె వైపు వింతగా చూసింది.

అతను లోపలికెళ్లి సంతకం పెట్టాడు.

ఇక ఊళ్లో పెద్ద తర్కం లేచింది. బున్‌రే ప్రార్థన గెలిచిందా, ఓడిందా? లేవాలంది, లేచాడు. పెట్టకూడదంది, పెట్టాడు. సగం విన్నాడంటే దేవుడికీ ఒక చెవి పోయిందా అన్నాడు చొన్ బావ. ఆ మాటకు పాస్టరుగారు కోప్పడబోయి, నవ్వు ఆపుకోలేక దగ్గారు. బున్‌రే మాత్రం ఇంటికెళ్లి ఫ్రిజ్ తలుపు మీది చీటీ చూసింది. ఇంకా ఎనిమిది నెలలు మిగిలున్నాయి. చింపుదామని గోరుతో అంచు లేపింది. మళ్లీ అంటించింది. ఎందుకో ఆమెకే తెలియదు.

మర్నాడు తెల్లవారుజామున ఆమె ఎప్పటి చోటే మోకరించింది. జొమ్‌సున్ ఆలస్యంగా వచ్చింది. నలభై ఏళ్లలో మొదటిసారి కుడి పక్కన కాక, చుట్టూ తిరిగి వచ్చి ఎడమ పక్కన కూర్చుంది. ఆమె పలకరించిందో లేదో బున్‌రేకు వినపడలేదు. ‘ప్రభువా’ అని మూడుసార్లు కప్పు అదిరింది. హోరు మొదలైంది.

“తండ్రీ, గ్యుతే” అంది బున్‌రే. “కుట్లు పచ్చిగా ఉన్నాయి, వాడు బరువులెత్తకూడదు. కోపమొస్తోంది వాడి మీద. అయినా కుట్లు మానాలి...”

అంతలో చర్చి ఏదోలా అనిపించి కళ్లు తెరిచింది. అందరూ తిరిగి తన బెంచీ వైపే చూస్తున్నారు. గంట మోగిపోయింది, మళ్లీ తనే దొరికిపోయిందనుకుని నోటి మీద చెయ్యి వేసుకుంది. తను ఆపేసినా వాళ్ల కళ్లు కదలలేదు. వాళ్లు చూస్తున్నది ఆమెను కాదు. బున్‌రే తల పూర్తిగా తిప్పి, మంచి చెవిని ఎడమ వైపుకు పెట్టింది.

జొమ్‌సున్‌కు రెండు చెవులూ బాగా వినపడతాయి. సూది పడినా వింటుంది. గంట విని కూడా ఆమె ఆపలేదు. కళ్లు గట్టిగా మూసుకుని అందరికీ వినపడేలా అడుగుతోంది.

“...వాడికి నొప్పి వద్దు తండ్రీ, అది అయిపోయింది. వాడి కట్టకే ఏదో ఒకటి చెయ్యి. రాళ్లు వేస్తే కుంగిపోవాలి, మట్టి పోస్తే కొట్టుకుపోవాలి. సముద్రం నీదే కదా, దానికి చెప్పు. వాడి పరువు పోకుండా చెయ్యగలిగితే చెయ్యి, కుదరకపోతే కొంచెం పోయినా ఫర్వాలేదు. వాడు నా కొడుకు, బురద నా...”

అక్కడ మాట దొరక్క ఆగింది. పాస్టరుగారి వేలు గంట మీదే ఉంది, కానీ రెండోసారి నొక్కలేదు.

బున్‌రే ఆమేన్ అనబోయింది. ఒక తల్లి తన కొడుకు పని చెడాలని అడుగుతుంటే ఆమేన్ అనొచ్చా? తను మూడేళ్లుగా అడుగుతున్నది అదే కదా, అనకపోతే ఎలా? అంటే ఎవరి పక్షాన అన్నట్టు? ఆఖరికి చెయ్యి చాపి జొమ్‌సున్ వీపు మీద వేసి, తన చెడ్డ చెవి వైపు వంగి, “అక్కా, ఇవాళ ఆటు ఎన్నింటికి?” అని అడిగింది.